చెమర్చని కుండ

పెళ్ళి సంబంధాల విషయంలో తెలియని సంగతి చెప్పరాదు. సగం తెలిసిన సంగతి అసలే చెప్పరాదు. ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నాను గనక, ఏ మాట ఎక్కడ వాడాలో నాకు తెలుసునని ఒక గర్వం వుండేది. నిరుడు ఎండాకాలంలో ఆ గర్వం కాస్తా దిగిపోయింది. ఎలా దిగిందో చెబుతాను. చదివి మీరు నన్ను చూసి నవ్వినా సరే, ఇలాంటి పని మీరు చెయ్యకుండా వుంటే అదే చాలు.

నా ఉద్యోగం, కాపురం వనపర్తిలో. పుట్టి పెరిగింది గద్వాలలో. అత్తవారిది నాగర్‌కర్నూల్. ఒకప్పుడు నేను ఒక్క మహబూబ్‌నగర్ జిల్లా మనిషిని. 2016లో జిల్లాలు విడిపోయాక, ఇల్లు కదలకుండానే మూడు జిల్లాల మనిషినయ్యాను. అందుచేత ఈ మూడూళ్ళలో ఎవరింట పెళ్ళిమాట వచ్చినా "ఫలానావారు మీకు తెలుసునట గదా" అంటూ నాకు ఫోను రావడం మామూలే.

అలాగే ఒకనాడు గద్వాల నుంచి ఫోను వచ్చింది. చేసినాయన ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. మా వీధివారే, నాకంటే పదేళ్ళు పెద్ద. వారిది కుమ్మరుల ఇల్లు. తాతగారి కాలం దాకా సారె తిప్పారు. తండ్రి సారె అమ్మేసి కొడుకును బడికి పంపాడు. ఆయనకు ఒక్కతే కూతురు. ఎమ్మెస్సీ చదివి బళ్ళో పాఠాలు చెబుతోంది. నాగర్‌కర్నూల్ దగ్గర పల్లెలో వున్న మా శిష్యుడొకణ్ణి ఆ పిల్లకు అనుకుంటున్నారు.

"అబ్బాయి ఎటువంటివాడు సార్?" అన్నారాయన.

"బంగారం" అన్నాను. అది నిజమే. బి.యస్సీ. పిల్లలకు మా తెలుగు ద్వితీయ భాష. వాళ్ళు మమ్మల్ని కూడా ద్వితీయంగానే చూస్తారు. ఈ కుర్రవాడు మాత్రం తెలుగు క్లాసులో మొదటి బల్లమీద కూర్చునేవాడు. తండ్రి ఇప్పటికీ కుండలు చేస్తాడు. వీడు హైదరాబాదులో పై చదువు చదివి, అక్కడే పరిశోధనలో వున్నాడు.

"ఏం పరిశోధన సార్? ఎవరిని అడిగినా సరిగా చెప్పడం లేదు."

నాకూ తెలియదు. తెలియదని చెప్పి వూరుకుంటే ఈ వ్యాసం రాసే అవసరమే వుండేది కాదు. ఎప్పుడో వాడు చెప్పగా విన్నది ఒక ముక్క గుర్తుంది. "ఏదో పొడిని అచ్చుపోసి కొలిమిలో కాలుస్తాడండీ. వంశవృత్తి ఎక్కడికి పోతుంది!" అని పెద్దగా నవ్వాను. చమత్కారంగా మాట్లాడాననే అనుకున్నాను. అవతల నవ్వు వినిపించలేదు. "సరే సార్, వుంటాను" అని ఫోను పెట్టేశారు.

పక్షం రోజుల తరువాత మా ఆవిడతో నాగర్‌కర్నూల్ వెళ్ళాను. వేసవి కదా, కొత్త కుండ కొందామని శిష్యుడి వూరికి పోయాను. వాకిట్లో చింతచెట్టు కింద కుండలు బోర్లించి వున్నాయి. ఆయన నన్ను చూసి తువ్వాలతో మంచం దులిపాడు.

"గద్వాలోళ్ళు వొద్దన్నరు సారూ" అన్నాడు, కుశలప్రశ్నలు కాగానే. "మట్టి పని చేసేటోనికి పిల్లనియ్యమన్నరంట. వాడు గంత సదివిండు గదా, మట్టి పని అని ఎవరు చెప్పిండ్రో ఏమో."

కుండ చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. మా ఆవిడ నా వంక ఒక్కసారి చూసింది. ఆ చూపుకు వ్యాఖ్యానం అక్కరలేదు.

శిష్యుడు ఇంట్లోనే వున్నాడు. సెలవుమీద వచ్చాడట. నన్ను ఆవం వైపు తీసుకుపోయాడు. అక్కడ వాడితో చెప్పేశాను. "ఆ మాట చెప్పింది నేనే" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండును. పర్సులోంచి కాగితం మడత తీశాడు. అందులో రూపాయి బిళ్ళంత గుండ్రని బిళ్ళ వుంది. అంచున చిన్న పెచ్చు ఊడింది. పక్కనే పడివున్న దినపత్రిక మీద దాన్ని పెట్టాడు. కింద అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు కనబడుతున్నాయి.

"ఇదేమిటో చెప్పండి సార్."

"గాజు."

"కాదు సార్. గాజును కరిగించి చేస్తారు. ఇది కరగలేదు. మీరు ఫోనులో చెప్పింది తప్పేం కాదు. పొడిని అచ్చుపోసి కాల్చిందే. నాయన కుండ కాల్చినట్టే."

నాకు నోట మాట రాలేదు. కుండలోంచి అవతలి వస్తువు కనబడడం ఎక్కడైనా వుందా? కప్పు, సాసరు, గోడకంటించే పింగాణీ పలక, వీటిలో ఏదైనా ఇలా కనబడుతుందా?

"పటికబెల్లం ముక్క తీసుకోండి సార్" అన్నాడు వాడు. "ముక్కలోంచి వెలుగు దూరిపోతుంది. దాన్నే రోట్లో వేసి దంచితే తెల్లని పొడి అవుతుంది. అవతల ఏమీ కనబడదు. పదార్థం మారలేదు గదా. మారింది ఏమిటంటే, రేణువుకూ రేణువుకూ మధ్య గాలి చేరింది. వెలుగు ఒక రేణువులోంచి గాలిలోకి, గాలిలోంచి మరో రేణువులోకి పోయేటప్పుడల్లా వంగుతుంది, చెదురుతుంది. అలా వేలసార్లు చెదిరిన వెలుగే మనకు తెలుపుగా కనబడుతుంది."

"అయితే ఆ గాలిని తీసేస్తే?"

"మిరపకాయ బజ్జీల పొట్లం చూడలేదా సార్? నూనె అంటినచోట కాగితంలోంచి వెలుగు కనబడుతుంది. కాగితం నారల మధ్య గాలి వుండే సందుల్లో నూనె చేరింది. అంతే. మేము నూనె పొయ్యం. సందులే లేకుండా చేస్తాం."

ఇన్నేళ్ళు బజ్జీలు తిన్నాను. పొట్లంలో ఇంత శాస్త్రం వుందని ఎవరూ చెప్పలేదు.

వాడు చెబుతూ పోయాడు. నేను వాడి క్లాసులో మొదటి బల్లమీద కూర్చున్నాను. ఆ పొడి పేరు స్పినెల్. మెగ్నీషియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన పదార్థం. ప్రకృతిలో అది రత్నంగా దొరుకుతుంది. బ్రిటిషు రాజకిరీటంలో 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' అని పేరుపడ్డ ఎర్రరాయి కెంపు కాదు, స్పినెల్. ఆ రాయిని చూసి తరతరాలు కెంపని పొరబడ్డారు. ఇదేదో నాకు ఊరట కలిగించింది. పొరబడేది నేనొక్కణ్ణే కాదన్నమాట.

ఆ పదార్థాన్ని ముందు మెత్తని, శుద్ధమైన పొడిగా చేస్తారు. పొడిని నీళ్ళలో కలిపి, చిక్కని జారుగా అచ్చులో పోస్తారు. లేదా అచ్చులో వత్తుతారు. ఆరిన బిళ్ళను ఇంగ్లీషువాళ్ళు కూడా పచ్చిదే అంటారట, మనం పచ్చికుండ అన్నట్టు. ఆపైన కొలిమి. కుండ సుమారు 800, 900 డిగ్రీల వేడిలో కాలుతుంది. దీనికి 1500 డిగ్రీలు, ఆపైన కావాలి. స్పినెల్ కరగాలంటే 2100 డిగ్రీలు దాటాలి గనక, అంత వేడిలోనూ అది కరగదు. అయినా రేణువులు ఒకదానికొకటి ఆనినచోట అతుక్కుని, మధ్య సందులు కుంచించుకుపోతాయి. బిళ్ళ మొత్తం చిన్నదవుతుంది. కరగకుండా ఇలా ఒకటి కావడాన్నే సింటరింగ్ అంటారు.

"మరి వేడి ఎక్కువ చేస్తే పని తొందరగా అవుతుందిగా?" అన్నాను.

"అక్కడే చెడుతుంది సార్. తొందరపడితే రేణువులు ఒక్కసారిగా పెరిగిపోతాయి. సందు అంచున వున్నప్పుడు గాలిచుక్కకు బయటికి దారి వుంటుంది. రేణువు పెరిగి దాన్ని మింగేసిందంటే ఇక రాదు. వెయ్యింట ఒక వంతు గాలి మిగిలినా బిళ్ళ మసకే. అందుకని మెల్లగా కాల్చి, బయటికి దారితీసే సందులన్నీ మూసుకుపోయాక, ఆర్గాన్ వాయువుతో అన్ని వైపులనుంచీ నొక్కుతాం. మన చుట్టూ వున్న గాలి వత్తిడికి వెయ్యి రెట్లు, ఒక్కోసారి రెండువేల రెట్లు. అప్పుడు ఆ మిగిలిన చుక్కలు కూడా పోతాయి. తరువాత వజ్రపు పొడితో సాన పట్టాలి."

"అయితే ఏ పొడయినా ఇలాగే చెయ్యొచ్చా?"

"లేదు సార్. స్పినెల్ స్ఫటికంలో వెలుగు ఏ దిక్కుకు పోయినా ఒకే వేగంతో పోతుంది. అందుకని రేణువు నుంచి రేణువుకు మారినా దారి తప్పదు. అల్యూమినాలో అలా కాదు. దిక్కునుబట్టి వేగం మారుతుంది. అందుకే అది మామూలుగా పాలరంగు దగ్గర ఆగిపోతుంది."

ఇంతలో వాడి తండ్రి చుట్ట వెలిగించుకుంటూ వచ్చాడు. బిళ్ళను వేళ్ళతో తిప్పి చూశాడు. చాలాసార్లు చూసినట్టే వుంది.

"నేనొకటే అడిగిన సారూ. దీంతోని కుండ చేస్తే నీళ్ళు సల్లగైతయారా అని."

"ఏమన్నాడు?"

"కావన్నడు. సెమట పట్టదంట."

శిష్యుడు నవ్వాడు. ఆ రోజు వాడు నవ్వడం అదే మొదలు. కుండ చల్లదనం అంతా దాని రంధ్రాలలోనే వుంది. నీరు సన్నగా ఊరి, పైకి వచ్చి, ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. అందుకే మట్టిలో ఊక, బూడిద కలుపుతారు. కాలిపోయిన ఊక వున్నచోట రంధ్రం మిగులుతుంది.

"నేను రంధ్రం నిలుపుత. వాడు రంధ్రం తీస్తడు" అన్నాడాయన. "మంట కాడ మాత్రం ఇద్దరిదీ ఒకటే ముచ్చట. తొందరపడొద్దు."

ఆ మాట ఆయన తన పని గురించి అన్నాడు. నాకు నా ఫోను గుర్తుకొచ్చింది.

తిరిగి వస్తూ ఆ బిళ్ళ నాకు ఇమ్మని అడిగాను. ఎందుకని వాడు అడగలేదు. కాగితంలో చుట్టి ఇచ్చాడు. "సంబంధం కోసమైతే వెళ్ళకండి సార్" అన్నాడు. "నా తప్పు దిద్దుకోవడానికి వెళుతున్నాను" అన్నాను.

ఆ ఆదివారమే వనపర్తిలో బస్సు ఎక్కాను. పెబ్బేరు దాటి, బీచుపల్లి వంతెనమీద కృష్ణను చూస్తూ, గద్వాలలో ఏం మాట్లాడాలో అంతా కూర్చుకున్నాను. కాలేజీలో పాఠానికి కూడా నేనంత సిద్ధపడి వుండను.

హెడ్ క్లర్కుగారు మర్యాదగానే కూర్చోబెట్టారు. నేను బిళ్ళ తీసి వారి క్యాలెండరు మీద పెట్టాను. పంచాంగం అక్షరాలు తేటగా కనబడ్డాయి. పటికబెల్లం చెప్పాను. బజ్జీల పొట్లం చెప్పాను. గద్వాలవారికి చెప్పడానికి నా సొంత పోలిక కూడా ఒకటి తయారుగా వుంది. "మన చీరలో నూలు ఒంటికీ పట్టు అంచుకూ పోగుపోగునా కలిపి నేస్తారు గదా. ఆ కలిపినచోట ఒక్క పోగు వదిలినా సందు కనబడుతుంది. వీళ్ళు అట్లాంటి కలుపులు బిళ్ళ నిండా లెక్కలేనన్ని వేసి, ఒక్క సందు లేకుండా చేస్తున్నారు" అన్నాను.

ఆయన విన్నారు. "దీనివల్ల ఉపయోగం?" అన్నారు.

అదృష్టవశాత్తు దానికీ నా దగ్గర జవాబు వుంది. ఇప్పుడు చాలా వీధుల్లో తెల్లని ఎల్.ఈ.డీ. దీపాలు వచ్చాయి గాని, అంతకుముందు రోడ్లమీద పసుపురంగు సోడియం దీపాలుండేవి, జ్ఞాపకం వున్నాయా అని అడిగాను. ఆ దీపం లోపల చిటికెన వేలులాంటి పాలరంగు గొట్టం వుండేది. అది పింగాణీ జాతిదే, అల్యూమినా. సోడియం ఆవిరి ఆ వేడిలో గాజును తినేస్తుంది. అందుకని ఎంతోకాలం అలాంటి దీపం చెయ్యడం కుదరలేదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రాబర్ట్ కోబుల్ అనే ఆయన, అల్యూమినా పొడిలో చిటికెడు మెగ్నీషియా కలిపితే కాల్చేటప్పుడు రేణువులు అతిగా పెరగవనీ, గాలిచుక్కలు బయటికి పోగలవనీ కనిపెట్టాడు. 1962లో దానికి పేటెంటు వచ్చింది. ఆ దశాబ్దంలోనే ఆ దీపాలు బజారులోకి వచ్చాయి. ఏ వెలుగు కింద మనం రాత్రిళ్ళు బస్సు దిగి ఇంటికి నడిచామో, అది కాల్చిన పొడిలోంచి వచ్చిన వెలుగే.

అక్కడితో ఆగలేదు. 1995లో జపానులో ఇకెసుయె అనే శాస్త్రవేత్త ఇలాంటి పింగాణీతోనే మంచి లేజరు పనిచేయించి చూపాడు. ఆసుపత్రుల్లో కొన్ని సీటీ స్కాన్ యంత్రాల్లో ఎక్స్ కిరణాలను వెలుగుగా మార్చే పలకలు కూడా ఈ జాతివే. హైదరాబాదు దగ్గర బాలాపూర్‌లో ఏ.ఆర్.సి.ఐ. అని 1997లో ఏర్పడ్డ కేంద్రప్రభుత్వ పరిశోధన కేంద్రం వుంది. అక్కడివారు స్పినెల్‌ను ఇంతకంటే తేటగా వుండజాలదన్నంత తేటగా చేశారనీ, ఆ పద్ధతిలో మన దేశంలో అదే మొదటిసారి అనీ 2021లో ప్రకటించారు. శిరస్త్రాణాలకూ, ముఖానికి అడ్డుపెట్టే కవచాలకూ, వేడిని చూసే కెమెరాల కిటికీలకూ పనికివస్తుంది. మామూలు గాజు అడ్డుకునే పరారుణ కిరణాలను కూడా ఇది చాలా దూరం పోనిస్తుంది. గాజుకన్నా ఎంతో గట్టిది. ఇతర దేశాలవాళ్ళు దీన్ని అడిగినంత అమ్మరు. రక్షణకు సంబంధించిన సరుకు గనక మనం చేసుకోవలసిందే.

నా ఉపన్యాసం ముగిసింది. బాగానే చెప్పానని నాకే అనిపించింది. హెడ్ క్లర్కుగారు బిళ్ళను కాగితంలో చుట్టి నా ముందు పెట్టారు.

"ఇదంతా నాకు కొత్తే సార్. గాని నేను వొద్దన్నది మట్టిని చూసి కాదు."

"మరి?"

"మీరు నవ్వారు సార్."

నేను తలవంచుకున్నాను.

"మా నాయన సారె అమ్మేసిన నాడు నేను మూడో తరగతి. బళ్ళో నన్ను 'కుండలోడా' అని పిలిచి నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వినలేక మా నాయన పని మానేశాడు. పని చేతగాక కాదు. గద్వాలలో ఆయన చేసిన కూజాలకు పేరుండేది. నలభై యేళ్ళ తరువాత మీరు చదువుకున్నవారు, నాకు తెలిసినవారు, ఫోనులో అదే నవ్వు నవ్వారు. నా బిడ్డ అత్తవారింటికి పోయినా ఆ నవ్వు పోదు గదా అనిపించింది."

ఏమని చెప్పను? నేను తెచ్చిన శాస్త్రంలో దీనికి జవాబు లేదు. రాబర్ట్ కోబుల్ ఆదుకోలేదు. గాలిచుక్క ఒకటి నలభై యేళ్ళ కిందట రేణువులో చిక్కుకుపోయింది. దాన్ని చూసుకోకుండా నేను పైనుంచి సాన పడుతున్నాను.

"తప్పు నాది" అన్నాను. "తెలియక కాదు. తెలిసిందనుకుని నవ్వాను. మీకూ, ఆ అబ్బాయికీ, వాళ్ళ నాయనకూ ముగ్గురికీ చేసిన తప్పు." అంతకంటే చక్కని వాక్యం ఆ సమయానికి దొరకలేదు.

ఆయన ఏమీ అనలేదు. లోపలికి చూసి "టీ తెమ్మన్నానమ్మా" అన్నారు. అమ్మాయి టీ తెచ్చింది. తలుపు వెనక నుంచి అంతా విన్నట్టే వుంది. గ్లాసులు పెట్టి, కాగితం విప్పి, బిళ్ళను కిటికీకి ఎదురుగా పట్టుకుని చూసింది.

"అంచు పెచ్చు ఊడిందేం సార్?"

"అది పనికిరాదని పక్కన పెట్టిన బిళ్ళేనమ్మా. అందుకే వాడు నాకిచ్చాడు. మంచివి బయటికి ఇవ్వరు గదా."

"చెడిపోయింది ఇంత బాగుందా!" అంది. ఆ తరువాత తండ్రివైపు తిరిగి, "మంచిది ఎలా వుంటుందో చూడాలి నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయింది.

హెడ్ క్లర్కుగారు టీ తాగుతూ నా వంక చూశారు. ఈసారి ఆయన నవ్వారు. నేను నవ్వడానికి ధైర్యం చాలక టీ తాగాను.

ఆ తరువాత రెండు ఇళ్ళవాళ్ళూ నాతో నిమిత్తం లేకుండా తామే మాట్లాడుకుంటున్నారని మా ఆవిడ ద్వారా తెలిసింది. అదే మంచిది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. బిళ్ళను పోస్టులో శిష్యుడికి పంపేశాను. వాళ్ళ నాయన దగ్గర కొన్న కుండ మాత్రం మా వంటింటి మూల ఇసుకమీద వుంది. మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి చెయ్యి పెడితే, ఒళ్ళంతా చెమర్చి చల్లగా తగులుతుంది. ఇప్పుడు ఎవరైనా ఫోను చేసి "ఫలానావారు ఏం చేస్తారండీ" అని అడిగితే, ముందు ఆ కుండలో నీళ్ళు ఒక గ్లాసు తాగి, ఆ తరువాత మాట్లాడుతున్నాను.